మైక్‌కి దూరంగా నిలబడేవాడు

నల్లజాతి గాయకులు పాడిన పాతకాలపు సోల్ పాటల రికార్డులంటే నాకూ, నా స్నేహితుడికీ పిచ్చి. అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా గరాజ్‌లో, అలాంటి పాటలే తెలుగులో కట్టేవాళ్ళం. మాటలు నావి, బాణీలు అతనివి. ఆ పాత పద్ధతిలోనే ఒక్క మైక్ పెట్టి ఇద్దరం కలిసి పాడేవాళ్ళం. అలా పాడేటప్పుడు పెద్ద గొంతున్నవాడు వెనక్కి జరగాలి. ఎవరూ చెప్పకుండానే అతను నవ్వుతూ గరాజ్ తలుపు దాకా జరిగేవాడు.

"నువ్వు మైక్ దగ్గరుండు గురూ, నేనిక్కడ్నించి అడ్జస్ట్ అయిపోతా" అనేవాడు.

ఆ మంచితనానికే నాకు ఒళ్ళు మండేది. ఒకసారి పంతం కొద్దీ వెళ్ళి అతని పక్కనే నిలబడి పాడాను. టేప్ వింటే అతనొక్కడే వినిపించాడు. "ఈ మైక్ పాడైనట్టుంది, ఇంకో టేక్ చేద్దాం" అంటూ అతను మళ్ళీ తలుపు దగ్గరికి నడిచాడు.

తర్వాత అతను ఉద్యోగం మారి దూరంగా రెడ్‌మండ్ వెళ్ళిపోయాడు. మొన్న ఇంటికొచ్చిన కొత్త కొలీగ్‌కి మా రికార్డు వినిపించాను.

"వెనకాల పాడేదెవరండీ?" అన్నాడు.

ముందు పాడేదెవరని కూడా అడుగుతాడేమోనని పాట అయ్యేదాకా చూశాను. అడగలేదు.

"ఎవరో లెండి, గుర్తులేదు" అన్నాను.