ఓబులేసు మద్దెల మీద నా తడి తువ్వాలు

ముప్పై ఏళ్లు చెక్కభజనలో ఎగిరిన మనిషిని నేను. ఎగిరిన ప్రతిసారీ ఒక బరువు నాతోపాటే ఎగిరింది. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. గురువుకూ చెప్పలేదు, ఆయన పోయారు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎర్రగుంట్ల పక్క ఒక తిరునాళ్లలో మా దళానికీ రాజంపేట దళానికీ పందెం పడింది. మా వైపు పందెమంటే మాటలు కాదు. ఏ దళం ముందు ఆగిపోతే ఆ దళంవాళ్లు జనం ముందే కాళ్ల గజ్జెలు విప్పి దేవుడి ముందు పెట్టాలి. ఏడాది దాకా మళ్లీ కట్టకూడదు. వాళ్ల మద్దెలగాడు ఓబులేసు. పొద్దున అతని వాయింపు విని మావాళ్లే తలలూపారు. నేనూ ఊపాను. ఊపుతూనే భయపడ్డాను. దళానికి ముందు నిలబడి ఆడించడం నాకు అదే మొదటి ఏడాది. మొదటి ఏడాదే గజ్జెలు విప్పడమా?

మధ్యాహ్నం అందరూ సంగటికి కూర్చున్నారు. అతని మద్దెల బండి నీడన ఉంది. నా తువ్వాలు నీళ్లలో ముంచి దాని కుడి మూత మీద పరిచాను. ఎవరైనా అడిగితే, ఎండకు తోలు పగలకుండా కప్పానని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు. నేను రెండో ముద్ద కూడా పెట్టించుకుని తిన్నాను. ఆకలెలా వేసిందో ఇప్పటికీ అర్థం కాదు. తిన్నాక తువ్వాలు తీసి, పంచె చెంగుతో పైతడి తుడిచేశాను.

ఆట మొదలైన మూడో పాటకే, తోలు నాని, మద్దెల బొంగురుపోయింది. ఓబులేసు కొట్టాడు, బిగించాడు, మళ్లీ కొట్టాడు. వాళ్లు ఆగిపోయారు. గజ్జెలు విప్పారు. అతను తన అరచేతుల వంక చూసుకుంటూ కూర్చుండిపోయాడు.

పది రోజులకు మద్దెల భుజాన వేసుకుని మా ఊరొచ్చాడు. ఓటమికి అతనే కారణమని సొంత దళం వద్దందట. మద్దెలగాడికి గజ్జెలుండవు కాబట్టి పందెం కట్టు అడ్డం రాదని, మాతో కలుస్తానన్నాడు. మాకు పండగే! అతనొచ్చాకే మాది దళమైంది. గండికోట, కర్నూలు, యాడ పిలిస్తే ఆడ ఎగిరాం. ఒకచోట పెళ్లికొడుకే పీటల మీది నుంచి లేచి మాతో చిందులేస్తే, వాళ్ల మామ చెయ్యి పట్టి లాక్కుపోయాడు. నవ్వు ఆపుకోలేక పాటే మరిచాం. అంత సంతోషానికి నేను తగినవాణ్ణేనా? ఏమో. సంతోషపడ్డది మాత్రం నిజం, అబద్ధమెందుకు.

ఒకసారి బండిలో తిరిగొస్తూ చెప్పేద్దామనుకున్నాను.

"ఓబులేసా, ఆ పొద్దు తిరునాళ్లలో..."

"ఆ మాట ఇప్పుడేటికన్నా?" అని నవ్వాడు. "తప్పు నాదే. మద్దెల సరిగ్గా బిగించుకోలేదు. పోనీలే, దేవుడే నన్ను మీ కాడికి తోలినాడు. శానా బాగుండా ఈడ."

దేవుడు కాదయ్యా, నా తువ్వాలు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. చెబితే అతను వెళ్లిపోతాడేమోనని. అది అతని మీద ప్రేమా, నా మీద నాకున్న ప్రేమా? రెండూనేమో. రెండోదే ఎక్కువేమో.

మీకు అసలు చెప్పాల్సింది ఇది. ఆ తర్వాత ప్రతి ఆటకు ముందూ ఓబులేసు మద్దెల నా ముందు పెట్టి, సరిగ్గా పలుకుతోందో లేదో చూడమనేవాడు. అంతటి వాయింపుగాడు తన చెవిని తాను నమ్మడం మానేశాడు. నన్ను నమ్మాడు! నేను తట్టి చూసి, బాగుందని చెప్పేవాణ్ణి. ముప్పై ఏళ్లు చెప్పాను.

ఓబులేసు ఇప్పటికీ మా వీధిలోనే ఉన్నాడు. చదువు రాదు. ఏ కాగితం వచ్చినా నాతోనే చదివించుకుంటాడు. ఇది అచ్చయితే, ఎవరో చెప్పగా దీన్నీ పట్టుకొస్తాడు. అప్పుడు నేనే చదవాలి. ఒక్క ముక్కా దాటెయ్యకుండా చదవగలనా? విన్నాక అతనేమంటాడు? ఊహించలేను, క్షమించమని అడిగే ముఖమూ లేదు. అయినా రాశాను. ఆ రోజు ఓబులేసు చేతిలో ఏ తప్పూ లేదు. ఈ ఒక్క మాట రాశాక, ఎన్నేళ్లకో గుండెనిండా ఊపిరి తీసుకున్నాను.