ఎవరినీ నమ్మని మా ఫిజియో మేడమ్

మా ఫిజియో మేడమ్ పోయారని మొన్న అపార్ట్‌మెంట్ గ్రూపులో చూసి నేను నమ్మలేదు. ఆ గ్రూపులో ఏది పడితే అది పెడతారు. క్లినిక్ పక్కన ఇస్త్రీ చేసే ఆయనకు ఫోన్ చేశాను. నిజమే, పొద్దున్నే గుండెపోటు వచ్చిందట. నేనిలా వాకబు చేశానని తెలిస్తే ఆవిడ మెచ్చుకునేవారు. ఎవరి మాటా ఊరికే నమ్మే మనిషి కాదు.

గోపన్‌పల్లిలో మా సందు చివర ఒక షట్టరు గదిలో ఆవిడ క్లినిక్. మెడలు పట్టేసిన సాఫ్ట్‌వేర్ వాళ్ళు, మోకాళ్ళు అరిగిన వాచ్‌మన్లు, పక్షవాతం వచ్చిన ఊరి పెద్దవాళ్ళు అందరూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు. నొప్పి ఎక్కడని అడగకముందే ఆవిడ గుమ్మం దగ్గర వంగి వాళ్ళ చెప్పులు తిరగేసి, ఏ పక్క అరిగాయో చూసేవారు. మెడనొప్పితో వెళ్ళిన మొదటిరోజు నాకు ఒళ్ళు మండింది. ఇదేం వైద్యమోనని గోడ మీది డిగ్రీ పట్టా దగ్గరికెళ్ళి మరీ చదివాను. ఆవిడ చూసి నవ్వారు.

"సాఫ్ట్‌వేరోళ్ళు నొప్పి పెంచి చెప్తరు, మేస్త్రీలు దాచి చెప్తరు. నేనెవ్వల్ని నమ్మ" అనేవారు.

ఒకసారి టైల్స్ వేసే మేస్త్రీ మోకాలు పూర్తిగా బాగైందని, పనికి పోతానని పట్టుబట్టాడు. ఆవిడ తాళాలు కింద పడేసి, జర తీసియ్యమన్నారు. అతను మోకాలు మడవకుండా నడుము వంచి తీశాడు. ఇంకొన్నాళ్ళు పనికి పంపేది లేదని చెప్పి, అతని కాంట్రాక్టరుకు ఆవిడే ఫోన్ చేసి గట్టిగా మాట్లాడారు.

మా అమ్మకు తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేయించి, అనంతపురం నుంచి మా ఇంటికి తెచ్చుకున్నాను. నెలలు గడిచినా అడుగు వేసేది కాదు. "నాకు చాతగాదు పాపా" అనేది. నేను ఆఫీసు నుంచి పెందలాడే వచ్చి, చెయ్యి పట్టుకుని హాల్లో నడిపిస్తే నాలుగడుగులేసి కూర్చునేది. ఇక మంచానికే అతుక్కుపోతుందేమోనని నాకు దిగులు పట్టుకుంది. ఇంటికొచ్చి చూడమని మేడమ్‌ను బతిమాలాను.

వచ్చీ రాగానే ఆవిడ అమ్మ వైపు చూడకుండా, ఆపరేషన్ అప్పుడు కొన్న వాకర్‌ను తిరగేశారు. దాని కాళ్ళకున్న రబ్బరు తొడుగులు బాగా అరిగిపోయి ఉన్నాయి. నన్ను బయటికి, లిఫ్టు దగ్గరికి తీసుకెళ్ళారు.

"నువ్వు లేనప్పుడు మీ అమ్మ ఇల్లంత తిరుగుతున్నది" అన్నారు.

నాకు కోపం ముంచుకొచ్చింది. నన్నెందుకు మోసం చేస్తోందో ఇప్పుడే అడుగుతానని వెనక్కి తిరిగాను. ఆవిడ నా మోచెయ్యి పట్టి ఆపారు.

"అడగకు బిడ్డా. కాలు మంచిగైందంటే నువ్వు గింత జల్ది ఇంటికొస్తవా? చెయ్యి పడ్తవా? ఆమెకు గదే అనుమానం. నాకు గూడ గదే అనుమానం."

ఆ సాయంత్రం అమ్మను ఏమీ అడగలేదు, చెయ్యి పట్టుకుని నడిపించాను. మర్నాడూ అంతే. అమ్మ చాతకాదంటూనే ఉంది, నేను నమ్మినట్టు ఉంటూనే ఉన్నాను. మేడమ్ అప్పుడప్పుడు వచ్చి మా ఇద్దరి ముఖాలూ అనుమానంగా చూసి వెళ్ళేవారు. మా ఇంట్లో ఆ సాయంత్రాలు మిగిలాయంటే అది ఆవిడ చలవే. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు, అన్నా నమ్మేవారు కాదు.

మొన్న చివరిచూపుకు అమ్మను కూడా తీసుకెళ్ళాను. మేడమ్‌ను వాళ్ళింటి వరండాలో పడుకోబెట్టారు. సందు నిండా జనం. మెట్ల దగ్గరికి రాగానే అమ్మ నా చెయ్యి వదిలేసింది. నేను చూస్తున్నానని తెలిసే, కమ్మీ పట్టుకుని తనంతట తాను మెట్లెక్కింది. మేడమ్ పాదాల మీద పూలు వేసి, కాసేపు నిలబడి ఏడ్చింది. మళ్ళీ ఒక్కతే దిగి వచ్చింది.

నా పక్కకొచ్చి, నా వైపు చూడకుండా చెయ్యి చాచింది. పట్టుకున్నాను.