బాలమణక్క, ఒక గిటారు ధర

నిన్న సాయంత్రం ఒకాయన మా దుకాణంలోకి గిటారు తెచ్చి బల్ల మీద పడుకోబెట్టాడు. పెట్టడంలో వేలు తగిలి లావు తీగ ఒకటి మోగింది. దాంతోపాటు పాత కర్ర వాసన, ఏళ్ల తరబడి గుడ్డ సంచిలో మగ్గిన వాసన గుప్పుమంది. నాకు సంగీతం రాదు. భజనలో చప్పట్లు కొట్టినా పక్కవాళ్లు నా వైపు తిరిగి చూసే రకాన్ని. అయినా ఆ ఒక్క మోత విన్నాక నా నోటికి బేరం మాట రాలేదు. బాలమణక్క మాట వచ్చింది. "ధర తెలుసుకుందామని తెచ్చారా, అమ్ముదామని తెచ్చారా?" అని అడిగాను. ఆయన తికమకపడి, "రెండూ ఒకటే కదండీ?" అన్నాడు. ఒకటి కాదు. కాదని నాకు నేర్పిన మనిషిని మీరెవరూ చూసి ఉండరు, అందుకే ఇది రాస్తున్నాను.

మాది శంషాబాద్. బాపుది కిరాణా దుకాణం, చిన్నాయనది బట్టల కొట్టు, మేనమామది స్టీలు సామాన్ల వ్యాపారం. నేను పుట్టిన రోజున దవాఖానలో ఆయాకు ఇవ్వాల్సిన బక్షీసు దగ్గర మా నాయనమ్మ గంటసేపు బేరమాడిందట. ఆ గంటసేపూ నేను ఆపకుండా ఏడ్చానట. అంటే అప్పుడే బేరంలో చెయ్యి వేశానని బాపు అందరికీ గొప్పగా చెప్పేవాడు. అలాంటి ఇంట్లో పెరిగి, డిగ్రీ అయ్యాక, విమానాశ్రయం వచ్చిన కొత్తలో, సాతంరాయి దగ్గర బెంగుళూరు రోడ్డు మీదున్న బాలమణక్క పాత సామాన్ల దుకాణంలో పనికి చేరాను. హోటళ్లు మార్చేసిన మంచాలు, బదిలీ మీద వెళ్లేవాళ్లు వదిలించుకునే ఫ్రిజ్‌లు, కూలర్లు అక్కడికి వచ్చేవి. బాలమణక్కకు యాభై దాటాయి. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, ఒక కాలు పొట్టిదైన టేకు స్టూలు మీద కూర్చునేది. ఆ పొట్టి కాలి కింద ఎప్పుడూ ఒక టైరు ముక్క ఉండేది. ఆమెకు బేరం నేర్పడానికే దేవుడు నన్ను పంపాడని మొదటి వారం నాకు గట్టి నమ్మకం.

ఆ వారంలోనే ఒక ముసలాయన నగిషీ పని ఉన్న పెద్ద పీట తెచ్చి, ఇది ఎంత చేస్తుందమ్మా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అక్క ఒక ధర చెప్పి, అంతకు తక్కువ ఇవ్వొద్దని చెప్పి, కొనే ఇంకో దుకాణం దారి చూపించి పంపేసింది. నాకు కడుపు మండిపోయింది.

"గట్లెట్ల పంపిస్తవక్కా? సగానికే ఇచ్చిపోతుండె గదా!"

"ఎంత జేస్తదో తెల్వక అడిగినోళ్లకు ఉన్న ధర జెప్పాలె. చెప్పినంక ఆ సామాను మనం కొనొద్దు. వాళ్లే ధర జెప్పి అమ్ముత అంటే, ఇగ నీ ఇష్టం, ఎంత కిందికి గుంజుతవో గుంజు."

"గిట్లయితే దుకాణం నడుస్తదా?"

"నడుస్తలేదా? మరి నీ జీతం ఏడికెల్లి వస్తుంది?"

అదీ ఆమె పద్ధతి. ధర చెప్పే నోరు వేరు, కొనే నోరు వేరు. నేను తల ఊపానే గానీ లోపల నవ్వుకున్నాను. పెద్దావిడ, చాదస్తం, పోనీలే అనుకున్నాను.

తర్వాతి ఎండాకాలంలో స్టెల్లా వచ్చింది. విమానాశ్రయం దగ్గరి ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే చోట పని చేసేది. నీళ్లలో, వేడిలో నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయేవి. మా దుకాణం మూలన చీరలకు అంచులు కుట్టే పీకో మిషను ఒకటి అమ్మకానికి ఉంది. వచ్చినప్పుడల్లా దాని చక్రం ఒకసారి తిప్పి చూసి వెళ్లేది. ఆ రోజు మాత్రం గుడ్డ సంచిలోంచి గిటారు తీసింది.

"మా నాయినది అక్కా. చర్చిల వాయించేటోడు. ఆయిన పోయినంక ఎవ్వలు ముట్టలే. మా గల్లీల ఒక రూము కిరాయికి ఉన్నది, నెలాఖరుదాక ఆగుత అన్నరు. ఈ మిషను దొరికితే హోటలు పని ఇడిచిపెడ్త. గిది ఎంత జేస్తదో నాకు తెల్వది. మీరే చెప్పుండ్రి. మిషనుకు సరిపోతే దీన్ని మీరు తీస్కొని మిషను నాకియ్యుండ్రి."

మిషను ఖరీదు ఐదు వేలు. గిటారు గురించి నాకు తెలిసింది సున్నా. కానీ కర్ర చూస్తే ఇంతకింత పలుకుతుందని నా రక్తం చెప్పింది. నా రక్తంలో ఉన్నది మా నాయనమ్మ మరి. సరేనని మిషను మీది దుమ్ము దులపబోయాను. అక్క స్టూలు మీద నుంచే, "ఆగు పిల్లా. ఆమె ఎంత జేస్తదని అడిగింది. ముందుగాల గది తెలుసుకుందాం" అంది. సరే, తెలుసుకునేలోపు కాస్త మెరిపిద్దామని, మా దుకాణంలో కర్ర సామానుకు అలవాటుగా రాసే పాలిష్ గుడ్డ అందుకున్నాను. అక్క నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది. "ఎట్లొచ్చిందో అట్లనే పోవాలె. మనం రంగేస్తే మన రంగుకు ధర జెప్తరు."

ధర తెలుసుకోవడానికీ ఆమెకు ఒక దారి ఉంది. ఒకే దుకాణానికి పొద్దున అమ్మేవాళ్లలా వెళ్లాలి, సాయంత్రం కొనేవాళ్లలా వెళ్లాలి. రాజేంద్రనగర్‌లో, యూనివర్సిటీ దగ్గర, మేడ మీద గిటారు నేర్పుతూ కింద పాత గిటార్లు కొని అమ్మే ఒకాయన ఉన్నాడు. పొద్దున బాలమణక్క స్టెల్లాను వెంటబెట్టుకుని, గిటారు దుప్పట్లో చుట్టుకుని వెళ్లింది. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "మెడ వంగిందమ్మా. కర్ర ఎండిపోయింది. గోడకు తగిలించుకోవడానికి తప్ప పనికిరాదు. వెయ్యి ఇస్తాను, అదీ మీ ముఖం చూసి" అన్నాడట. ఇంటి వాళ్లను అడిగి చెప్తామని తిరిగొచ్చారు. తిరుగు బస్సులో స్టెల్లా గిటారును ఒళ్లోనే పెట్టుకుని కూర్చుందని అక్క చెప్పింది.

సాయంత్రం నా వంతు. మా తమ్ముడికి గిటారు కావాలన్నాను. నాకు తమ్ముడు లేడు. ఆయన కొత్తవి చూపించాడు. పాతదైతే బాగుండునని నసిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"మీ అదృష్టమండీ. రేపో ఎల్లుండో ఒకటి వస్తోంది. చర్చిలో వాయించిన గిటారు. ఎండి పండిన కర్ర, ఆ మోత ఇప్పటివాటికి రాదు. పాలిష్ కూడా కొట్టలేదు, అసలు రంగే ఉంది."

"మెడ గిట్ల వంగలేదు గదా?"

"కొంచెం. అరపూట పనండీ, నేనే సరిచేసిస్తాను. తొమ్మిది వేలకు తక్కువ రాదు. మీరు కాబట్టి చెబుతున్నాను."

నా జీవితంలో మొదటిసారి ఎదుటివాడు ధర చెప్పాక, "అంతనా?" అనడం మరిచిపోయి, నవ్వు ఆపుకుంటూ బయటికి వచ్చేశాను.

వెళ్లి చెప్తే అక్క నవ్వలేదు. చాయ్ చేతికిచ్చి, రోడ్డు అవతలికి చూస్తూ చెప్పింది. "మా భూమి ఎంత జేస్తదో మేం ఎవన్ని అడిగినమో ఎరికేనా? కొనవచ్చినోన్నే అడిగినం. మంచిగ మాట్లాడిండు. మా బాపుకు కండువ గప్పిండు. ధర గూడ ఆయినే జెప్పిండు."

"అబద్ధం జెప్పిండా?"

"అబద్ధమెందుకు? ఆయినకు ఎంతకు గావాల్నో గది జెప్పిండు. స్టెల్లా పనిజేసే హోటలున్నదే, దాని ఎన్కపక్కనే మా జొన్నచేను."

ఆమె ఆ విషయం ఎత్తడం నేను విన్నది అదొక్కసారే. అప్పటి నుంచి ఆ పద్ధతిని చాదస్తం అనుకోలేదు.

మర్నాడు స్టెల్లాకు అక్క రెండు ధరలూ చెప్పింది, ఎవరు ఎప్పుడు ఎలా చెప్పారో కూడా చెప్పింది. స్టెల్లా కొంగుతో ముఖం తుడుచుకుని, "మీరే తీస్కోరాదు అక్కా, మిషనిచ్చి?" అంది. "చెప్పిన నోటితోని కొనను బిడ్డా. నువ్వే పోయి అమ్ముకో. మేం రాము. మెడ అరపూట పనే గదా సార్ అని మాత్రం అడుగు." స్టెల్లా ఒక్కతే వెళ్లింది. ఆ పూటంతా నేను రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను. బేరం జరుగుతుంటే అందులో నేను లేకపోవడం, ఆకలితో ఉన్నవాడికి పక్కింటి పోపు వాసన తగిలినట్టుంది. మధ్యాహ్నానికి వచ్చింది. ఆరు వేల ఐదు వందలకు అమ్మింది. మెడ మాట ఎత్తగానే ఆయన గిటారును మళ్లీ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడట. మొదటిసారి అమ్మినావిడ అంతకు తెగ్గొట్టిందంటే, ఆమె ముందు నేనెంత అనిపించింది. అక్కడితో ఆగిందా? అదే ఊపులో మా పీకో మిషను మీద పడింది. చక్రం గరగరమంటోందని, బెల్టు పాతదని బాలమణక్కతోనే ఐదు వందలు తగ్గించింది. అక్క మురిసిపోతూ తగ్గింది. "నీకన్న నయముంది పిల్లా" అని నా వైపు తిరిగి అంది.

రూము స్టెల్లాకే దక్కింది. ఇప్పటికీ నా చీరలకు పీకో అక్కడే. అక్కడ మాత్రం నా బేరం సాగదు.

కొన్నేళ్లకు నేను శంషాబాద్‌లో సొంత దుకాణం పెట్టుకున్నాను. బాలమణక్క పోయాక, విమానాశ్రయంలో క్యాబ్ నడిపే ఆమె కొడుకు మల్లేష్ నన్ను పిలిచి, "అక్కా, దుకాణం ఖాళీ జేస్తున్న. ఏది ఎంత జేస్తదో చెప్పు" అన్నాడు. ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను. చివర్న ఆ స్టూలు. దాని కోసమే ఆశతో వెళ్లాను. అయినా అలవాటు కొద్దీ నోరు ముందు పడింది: "టేకు. ఒక కాలు పొట్టి. మూడు వందలు." అన్న తర్వాత గానీ ఏం చేశానో తెలిసి రాలేదు.

"నువ్వే తీస్కపో అక్కా. నీకు ఊకెనే ఇస్తున్న" అన్నాడు మల్లేష్.

ధర చెప్పిన నోటితో ఊరికే తీసుకోవడం, కొనడం కన్నా చవక బేరం. వద్దన్నాను. దాన్ని సాతంరాయి దగ్గర చాయ్ బండి ఆయన తీసుకెళ్లాడు.

నిన్న గిటారాయన, "తెలుసుకుందామనేనండీ" అన్నాడు. "అయితే నేను కొనను, రేపు ధర చెప్తాను" అని పంపించి, చాయ్ తాగడానికి సాతంరాయి దాకా వెళ్లాను. స్టూలు కాలి కింద టైరు ముక్క పక్కకు జరిగింది. సర్ది కూర్చున్నాను. చాయ్ ఆయన గ్లాసు అందిస్తూ, "పాత సామాను మీకు ఎరికే గదక్కా, గిది ఎంత జేస్తది?" అన్నాడు.

"చాన జేస్తది. ఎవ్వలకు ఇయ్యకు" అన్నాను.

నాకు తెలిసిన ధర అదే.