అక్క పట్టిన వారాలు

మా అక్క యాదమ్మ మోకాలి ఆపరేషన్ వానాకాలంలో ఒకసారి వాయిదా పడింది. రక్తంలో ప్రొటీన్ బాగా తక్కువగా ఉందని, ఈ స్థితిలో కోస్తే గాయం మానదని, రెండు నెలలు మంచిగా తిని రమ్మని మహబూబ్‌నగర్ డాక్టరు చెప్పాడు. అక్క ఉండే మేళ్లచెరువు నుంచి అంత దూరం ఎందుకంటే ఆమె కొడుకు శ్రీశైలం జడ్చర్లలో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆపరేషన్ తర్వాత చూసుకునేది వాడూ, వాడి భార్య మమతా.

తినమనడం తేలిక. అక్కకు పాలు, పెరుగు పడవు. గంటలోపు కడుపు కదులుతుంది. గోధుమ తింటే పేగు లోపలి పొర దెబ్బతింటుందని మూడేళ్ల కింద తేలింది. పల్లీలు తింటే ఒళ్లంతా దద్దుర్లు. పప్పు రెండు గరిటెలు దాటితే పొట్ట బిగుసుకుపోతుంది. ఇవన్నీ కొట్టేశాక డాక్టరుకు మిగిలినవి గుడ్డు, చేప, మాంసం. "ఇవి తింటారా అమ్మా?" అని అడిగాడు. "తింట సారూ" అంది అక్క. నేను పక్కనే ఉన్నాను. అది అబద్ధం కాదు. మా ఇంట్లో నీసు తినని మనిషి లేదు.

రెండు నెలలు గడిచాయి. మళ్లీ రక్తపరీక్షకు తీసుకుపోవడానికి నల్లగొండ నుంచి శుక్రవారమే మేళ్లచెరువు వెళ్లాను. శనివారం ఉదయం ఆరు గంటలకు అక్కాతమ్ముళ్లం బస్టాండులో ఉన్నాం. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము చెట్ల ఆకుల మీద బూడిదలా పేరుకుని ఉంది. బస్సు మెట్టు ఎక్కడానికి అక్కకు కండక్టరు చెయ్యి, నా భుజం, చివరికి ఆమె సొంత తిట్టు కూడా కావలసి వచ్చాయి. "ఈ కాలు పాడుగాను! నాట్లకు గెట్టు మీద నిలబడనిస్తదా, లేదా?" అంది సీట్లో కూలబడి. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి ఆమెకు జీరో టికెట్, నాకు మామూలు టికెట్.

హుజూర్‌నగర్‌లో ఒక బస్సు, మిర్యాలగూడలో ఒక బస్సు మారాం. ఈ దారిలో వెళ్లేవాళ్లు మిర్యాలగూడలోనే టిఫిన్ చేయడం మంచిది. మేం హాలియా దాకా ఆగాం. అక్కడికి చేరేసరికి తొమ్మిదిన్నర. బస్టాండు ముందు బండి మీద ఉడికించిన గుడ్లు కనిపిస్తే నాలుగు కొని, మిరియాల పొడి చల్లించి, కాగితంలో పెట్టుకుని బస్సెక్కాను.

అక్క కాగితం వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇయ్యాల శనారం రా తమ్మీ."

"అయితే?"

"శనారం ముట్ట."

"ఎప్పటి సంది?"

"శ్రీశైలానికి కొలువు దొరకాలని పట్టిన."

"వాడికి కొలువు దొరికి ఆరేండ్లాయె గదక్కా!"

"దొరికిందని ఇడుస్తరా ఎవలన్న? దేవుడు ఏమనుకుంటడు, పని అయిపోంగనే మొఖం తిప్పుకున్నదని అనుకోడా?"

నేను దిగి రెండు ఇడ్లీలు తెచ్చాను. చట్నీలో పల్లీలు, సాంబారులో పప్పు. కారప్పొడితో తిన్నది. గుడ్లు ముందు సీటు ఆయనకు ఇచ్చాను.

బస్సు కదిలింది. సాగర్ కాలువ పక్కన పొట్టకొచ్చిన వరి పచ్చగా పరుచుకుని ఉంది. దాని వైపు చూస్తూ మాటవరసకు అడిగాను, ఇంకేమైనా వారాలు పట్టావా అని. నా పత్రికా ఉద్యోగంలో చాలా ప్రశ్నలు అడిగాను కానీ, జవాబుకు ఇంతగా అదిరిపోయింది తక్కువ.

"బేస్తారం మనుమరాలికి. పుట్టంగనే అద్దాల పెట్టెల పెట్టిన్రు గద, అప్పుడు పట్టిన. శుక్రారం లక్ష్మి వారం, ఇల్లు చల్లగుండాలని. సోమారం మీ బావకు."

బావ పోయి మూడేళ్లు. పక్షవాతంతో మంచాన పడి, అట్లాగే పోయాడు. ఆ మాటే మెల్లగా అన్నాను.

"ఎరుకనే రా. నాకు ఎరుకలేదా?" అంది అక్క. "పోయిండని ఇడిస్తె, ఇగ ఆయనతోని నాకేం పని లేదన్నట్టు గాదా?"

నేను లోపల వేళ్లు మడుస్తున్నాను. సోమ, గురు, శుక్ర, శని. "ఇంక మంగళవారం, బుధవారం, ఆదివారం తింటవన్నమాట" అన్నాను.

"మంగళారం గూడ లేదు."

"అదెవరికి?"

అక్క కిటికీ వైపు తిరిగింది. "నీకే. నీ గుండెకు స్టెంటేసినప్పుడు ఆంజనేయునికి మొక్కిన."

ఎనిమిదేళ్ల కిందటి మాట అది. నిమ్స్ నుంచో, ఉస్మానియా నుంచో కాదు, ఒక ప్రైవేటు దవాఖాన నుంచి బయటపడ్డాను; డాక్టర్లకు దండం పెట్టాను, బిల్లు కట్టాను, అక్కడితో అయిపోయిందనుకున్నాను. ప్రతి మంగళవారం మేళ్లచెరువులో ఒక మనిషి నా పేరు మీద కారం మెతుకులు తింటోందని తెలియదు. నేనైతే మంగళవారాలు కోడికూర మానలేదు.

వెనక సీట్లో డిండికి పోతున్న నడివయసు ఆవిడ ముందుకు వంగింది. "నాయి నాలుగు వారాలే అవ్వా. మా అత్తవి ఆరు. ఒక్క అయితారమే తింటది. గది గూడ అమాస గాకుంటెనే." చాలా గర్వంగా చెప్పింది. అక్క ఆమెను గౌరవంగా చూసింది. నేను మిగతా సీట్ల వైపు తిరిగి చూశాను. ఈ బస్సులో ఇంకెందరున్నారో!

పన్నెండు దాటాక దేవరకొండలో భోజనానికి దిగాం. మెస్సు శుభ్రంగా ఉంది. పెసరపప్పు అయితే కొంచెం పడుతుంది కదా అని అడిగాను. ఉంది. గోధుమ పిండి, మైదా ఏమీ కలపలేదు కదా అని కూడా అడిగాను. "పప్పుల మైదా ఎవలు కలుపుతరు సార్!" అని వడ్డించే ఆమె నవ్వింది. ఇంగువ వాసన గుప్పుమంటుంటే ఎందుకో అనుమానం వచ్చి డబ్బా చూపించమన్నాను. వెనక సన్నని అక్షరాల్లో ఉంది, గోధుమ పిండి అని. నేను చదివింది విని ఆమె నవ్వు ఆగిపోయింది. "ఓయమ్మా, ఇన్నేండ్ల సంది!" అంది. గోధుమ పడనివాళ్లు దయచేసి ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చూడండి. అన్నిట్లో ఉండదు, చాలావాటిలో ఉంటుంది.

అక్క ఆ పూట అన్నం, మామిడికాయ తొక్కు తిన్నది. ప్రొటీన్ కోసం చేస్తున్న ప్రయాణంలో అది రెండో భోజనం.

కల్వకుర్తి దాటాక ఎర్రనేలలు, పత్తి చేలు. నాలుగింటికి జడ్చర్ల. శ్రీశైలం కిరాయి ఇల్లు బస్టాండుకు దగ్గరే. చీకటి పడుతుండగా వాడు డ్యూటీ నుంచి వచ్చాడు, చేతిలో చికెన్ బిర్యానీ పొట్లాలతో.

"మామా, శనారం వచ్చిందంటె మా బ్యాచ్ అందరం బిర్యానే. ఇయ్యాల మీరొచ్చిన్రని ఇంటికే తెచ్చిన" అన్నాడు సంబరంగా.

నేను అక్కను చూశాను. మాట్లాడొద్దని ఆమె కళ్లతోనే చెప్పింది. "నాకు ఆకలి లేదు బిడ్డా, మీరు తినుండ్రి" అంది. వాడు మటుకు లొట్టలేస్తూ తిన్నాడు, వాడి తప్పేముంది!

ఆదివారం మటన్. అక్క ఎముక కూడా వదలకుండా తిన్నది. ఆకలిగొన్న మనిషి తినడం అంత దగ్గరగా చూడటం కష్టం.

సోమవారం శ్రీశైలం సెలవు పెట్టాడు; మమతతో కలిసి అందరం మహబూబ్‌నగర్ వెళ్లాం. పొద్దున రక్తమిచ్చి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. డాక్టరు కాగితం చూసి ముఖం చిట్లించాడు. రెండు నెలల కిందటి కంటే తగ్గింది. "అమ్మా, నిజంగా తింటున్నారా?" అన్నాడు. "తింటున్న సారూ" అంది అక్క, మళ్లీ నిజమే చెబుతూ. ఇక ఉండబట్టలేక వారాల సంగతి చెప్పేశాను. డాక్టరు కలం కింద పెట్టాడు. "తింటారా అని అడిగాను గానీ, వారంలో ఎన్ని రోజులని అడగలేదు" అన్నాడు మెల్లగా. ఇంకో రెండు నెలలు గడువిచ్చాడు. ఇట్లాగే ఉంటే ఆపరేషన్ మాట మరిచిపొమ్మన్నాడు. మొక్కు రోజుల్లో మీల్ మేకర్ తినొచ్చు కదా, అది సోయా అన్నాడు.

"చూసిన సారూ. నమిల్తుంటె అచ్చం నీసు నమిలినట్టే ఉంటది. దేవునికి అనుమానం రాదా?" అంది అక్క.

డాక్టరు మళ్లీ రావలసిన తారీఖు రాసి కాగితం నా చేతికిచ్చాడు.

దవాఖాన వరండాలో శ్రీశైలం గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. "నా కోసం శనారం ఇడిసిపెట్టినవా? నేనేమో శనారం శనారం..." మాట పూర్తికాలేదు. వాడికి కోపం వచ్చింది. "నిన్నెవలు పట్టమన్నరే అమ్మా? ఇప్పుడే ఇడువు!"

"ఇడువు అంటె ఇడిసేదా? నీకేమన్న అయితె?"

అరిస్తే వినే మనిషి కాదు. ఆమె భయం నాకు అర్థమైంది. ఒక్కో వారం ఒక్కో మనిషికి ఆమె కట్టిన కాపలా. కాపలా తీసేయమంటే తీయదు, మనిషిని మార్చొచ్చు. "అక్కా, నా పేరు మీద పట్టిన వారం నేను పడ్త. మంగళారం నాకియ్యి" అన్నాను. శ్రీశైలం శనివారం తనకిమ్మన్నాడు. బిడ్డ గురువారం, ఇంటి శుక్రవారం మమత తీసుకుంటానంది.

అక్క చాలాసేపు ఆలోచించింది. "దేవుని ముందట చెప్పాలె, మీ నోటితోని" అంది చివరికి. జడ్చర్లలో బస్సు దిగి రోడ్డు పక్క ఆంజనేయుని గుడికి పోయాం. టెంకాయ కొట్టి ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం గట్టిగా చెప్పాం. నేను గొణిగితే అక్క మళ్లీ చెప్పించింది.

బయటికొచ్చాక శ్రీశైలం, "మరి సోమారం?" అన్నాడు.

"గది అడగకు" అంది అక్క. ఎవరం అడగలేదు.

మంగళవారం ఉదయం అక్కను జడ్చర్లలోనే ఉంచి, ఒక్కణ్నే తిరుగు ప్రయాణమయ్యాను. పదకొండుకు కల్వకుర్తిలో బస్సు ఆగింది. ఈ మూడు రోజుల్లో నేను నేర్చుకున్నది ఒక్కటే. ఏది పడదో మనం అడుగుతాం, ఏది ఎంత తినాలో అడుగుతాం. పడేదాన్ని మనిషి ఎవరి కోసం మానేస్తోందో అడగం. మీ ఇంట్లో పెద్దావిడను దవాఖానకు తీసుకుపోయేవాళ్లు ఇంట్లోనే అడిగి బయల్దేరండి.

బస్టాండు హోటల్లో కూర్చుని, ఫోను చూసుకుంటూ, అన్నంతో పాటు ఏదో చెప్పాను. పళ్లెం వచ్చేసరికి ఫోను మోగింది. అక్క.

"తమ్మీ, మమత గుడ్లు ఉడకబెట్టి ముందట పెట్టింది. నువ్వేం తింటున్నవ్?"

పళ్లెంలోకి చూశాను. అన్నం పక్కన ఆమ్లెట్టు పొగలు కక్కుతోంది. నా నోటితో నేనే చెప్పినట్టున్నాను, అలవాటుగా.

"మాట్లాడవేంది? ముందుగాల నువ్వు చెప్పు. నువ్వు చెప్పినంకనే నేను ముట్టేది."

పళ్లెం పక్కకు జరిపాను. ఇది తీసెయ్, చారన్నం పెట్టు అని వడ్డించేవాడికి గట్టిగా, ఫోనులో వినపడేటట్టు చెప్పాను. వాడు వింతగా చూసి తీసుకుపోయాడు. చారు వచ్చేదాకా అక్క లైన్లోనే ఉంది. నేనూ ఉన్నాను.

"చారన్నం తింటున్ననక్కా" అన్నాను మొదటి ముద్ద కలుపుతూ.

అటువైపు గుడ్డును పళ్లెం అంచుకు కొట్టిన చప్పుడు వినపడింది.

"పెంకు మంచిగొస్తలేదురా" అంది అక్క, నోట్లో ముద్దతో.