పిడికిలి పడేదాకా చదివించిన సార్

మా సార్ పోయారని పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చూశాను. ఆ కబురు కిందే ఎవరో ఎవరి పుట్టినరోజుకో కేకు బొమ్మ పెట్టారు. దాని కింద ఇంకొకడు, ఏ సార్, ఆ ఆంధ్రా సారేనా అని అడిగాడు. సగం జీవితం తార్నాకలో గడిపిన మనిషికి చివరికి మిగిలిన గుర్తు అది. నాకు ఒళ్లు మండింది.

ఆయన మాకు ప్రోగ్రామింగ్ చెప్పేవారు. మెత్తని మనిషని మీకు అబద్ధం చెప్పలేను. మేం రాసింది క్లాసు ముందు నిలబెట్టి పైకి చదివించేవారు. 'ఇఫ్' వచ్చినప్పుడల్లా, అంటే దారి రెండుగా చీలినప్పుడల్లా, ఒక వేలు ముడవాలి. వేళ్లన్నీ అయిపోయి పిడికిలి పడిందంటే ఆపించి, కాగితం లాక్కుని చింపేసేవారు. "రాసిన నీకే నోరు తిరగట్లేదు. రేపు చదివేవాడు ఏం పాపం చేశాడు?" అనేవారు. నేను ఏడ్చాను. ఏడుపు అయ్యాక వెళ్లి ముక్కలు చేసి రాసుకురమ్మన్నారు. ఒక్కో ముక్క ఒక్క పనే చెయ్యాలి, పేరు చూడగానే ఆ పనేమిటో తెలియాలి. ఈరోజు నేను తింటున్న అన్నం ఆ చింపిన కాగితాల చలవే.

హబ్సిగూడ టిఫిన్ సెంటర్లో కూడా ఇడ్లీ, సాంబారు, చట్నీ వేరువేరు గిన్నెల్లో తెప్పించుకునేవారు. కలిపేస్తే ఏది చెడిందో తెలీదట. సర్వర్లు ఆయన్ని చూస్తేనే మొహం తిప్పుకునేవాళ్లు.

తెలంగాణ కోసం క్యాంపస్ భగ్గుమంటున్న రోజులవి. బంద్ వచ్చినప్పుడల్లా పరీక్ష వాయిదా పడేది. వాయిదా పడినప్పుడల్లా ఫలితాలు వేసే ప్రోగ్రామ్ మధ్యలో ఎవరో ఇంకో ఇఫ్ ఇరికించేవాళ్లు. పాతది తీయాలంటే అందరికీ భయం. చివరికి అది ఎవరూ చదవలేని ముద్ద అయింది. నా రూమ్మేట్ వాయిదా పడ్డ పేపరు నా వెనక బెంచీలోనే కూర్చుని రాసింది. ఫలితాల్లో ఆబ్సెంట్ అని వచ్చింది. దానికి అప్పటికే ఉద్యోగం ఖాయమైంది, పాసైతేనే చేర్చుకుంటారు.

నేను వెళ్లి చెబితే సార్ ఆ ప్రోగ్రామ్ ప్రింటు ముందేసుకుని కూర్చున్నారు. తప్పు దొరికింది. కానీ ఇక్కడ అతుకేస్తే ఇంకోచోట చిరుగుతుందని, మొత్తం విడగొట్టి రాస్తానని పైవాళ్లను అడిగారు. ఆ మాట బయటికి పొక్కింది. ఆంధ్రా సారు మన పిల్లల మార్కుల్లో చెయ్యి పెడుతున్నాడని విద్యార్థులు ఆయన గది ముందు బైఠాయించారు. ముందు వరసలో నా రూమ్మేట్ ఉంది. ఆయన అడుగుతున్నది నీ మార్కుల కోసమేనని దాని పక్కన కూర్చుని చెప్పాను.

"ఊకోవే. మన నోటికాడి బుక్క గుంజుకునేటోడు మనకు మార్కులిస్తడా?" అంది.

వాళ్ల కోపం ఊరికే పుట్టిందని నేననను. ఆ ఊరేగింపుల్లో నేనూ నడిచాను. ఆరోజు మాత్రం అది వేరే ఇంటి మీద పడింది. ఆయన కుర్చీ వరండాలోకి విసిరేశారు. పైవాళ్లు ఆ పని ఆయన చేతిలోంచి తీసేశారు. కంప్యూటర్ ఆబ్సెంట్ అందంటే ఆబ్సెంటే అన్నారు. దాని ఉద్యోగం పోయింది. మళ్లీ పరీక్ష రాయనని మొండికేసి, పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది.

బాధనిపించలేదా సార్ అని తర్వాత అడిగాను.

"వాళ్ల కోపం నాకర్థమైందమ్మా. అందులో ఒక్క ఇఫ్ లేదు. ఆ ప్రోగ్రామే ఎవరికీ అర్థం కాలేదు" అన్నారు.

మొన్న తార్నాకలో అపార్ట్‌మెంట్ కింద, స్కూటర్లు పక్కకు జరిపి సార్‌ని ఫ్రీజర్ పెట్టెలో ఉంచారు. వచ్చినవాళ్లు కొద్దిమందే. నా రూమ్మేట్ గోల్నాక నుంచి వచ్చింది. అక్కడ చీరల షాపులో పని చేస్తోందట. నా పక్కకు వచ్చి నిలబడి అడిగింది.

"గప్పుడు దాంట్ల తప్పేముండె?"

"ఒక బ్రాకెట్ ఉండాల్సిన చోటు కన్నా ఒక లైను కిందికి పోయింది. వాయిదా పరీక్ష రాసినోళ్లల్ల కొందరు రాయనోళ్లల్ల కలిసిన్రు."

"గంతేనా?"

"గంతే."

ఫ్రీజర్ పెట్టె అద్దం మీద చెమ్మ పట్టి సార్ మొహం కనబడటం లేదు. అది కొంగుతో తుడిచింది. మళ్లీ పట్టింది. బండి వచ్చింది, జరగమ్మా అని ఎవరో భుజం పట్టి లాగేదాకా తుడుస్తూనే ఉంది.