రెండు చెరువులు, ఒకే పేరు

రొయ్యల మేత అమ్మే కంపెనీకి ఏలూరులో ఉన్న ఆఫీసులో నా పని రైతుల జాబితాను సరిచేయడం. కైకలూరు బ్రాంచి ఒక జాబితా, తాడేపల్లిగూడెం బ్రాంచి మరొకటి రాసుకునేవి. ఒకే రైతు రెండింటిలోనూ ఉంటే ఆ రెండు పేర్లనూ ఒకటిగా కలపాలి. కలిపే ముందు రైతుకు ఫోన్ చేసి కనుక్కోవాలి. నాకసలే ఓపిక తక్కువ. మొదట్లో చేశాను, తర్వాత మానేశాను. పేరు, ఊరు, ఫోన్ నంబరు మూడూ ఒకటైతే ఇంకా అడిగేదేమిటని నా పొగరు.

నెల తిరిగేసరికి, జాబితాలో ఒక్క రైతు కూడా రెండుసార్లు లేడని మేనేజరు అందరి ముందూ మెచ్చుకున్నారు. నేను తెగ మురిసిపోయాను.

తర్వాతి వారం కొల్లేటి పక్క ఊరి నుంచి ఒక రైతు వచ్చారు. యాభై దాటిన మనిషి. చెప్పులు గుమ్మం బయటే విడిచారు.

“ఏవండీ, నీళ్ళు చూసే ఆయన మూడు వారాల్నించీ మా చెరువుకి రాలేదండీ. ఇయ్యాలొస్తారు, రేపొస్తారని చూశాం. రొయ్యంతా చచ్చి తేలిపోయిందండీ. మా చెరువు లిస్టులోనే లేదంటన్నారు.”

నీటి పరీక్షకు వెళ్ళే టెక్నీషియన్ మా జాబితా చూసుకునే వెళతాడు. వెతికాను. పేరుంది. దాని ఎదురుగా ఉన్న చెరువు ఆయనది కాదు.

“అది మా బాబాయి కొడుకుదండీ. ఇద్దరికీ మా తాతగారి పేరే పెట్టారు. ఫోన్లో మాట్లాడ్డం నాకు సరిగ్గా రాదని ఆడి నంబరే ఇచ్చానండీ.”

మాదీ ఆ కొల్లేటి వైపే, కలిదిండి. మా ఇంట్లోనూ అన్నయ్యకీ, పెదనాన్నగారి అబ్బాయికీ తాతయ్య పేరే. పెద్దోడు, చిన్నోడు అని పిలుచుకుంటాం. ఇది తెలియనిదాన్ని కాదు. ఆ ఒక్క ఫోనూ చేసి ఉంటే ఆయన చెరువు దక్కేది.

“కంప్యూటరు కలిపేసిందండీ,” అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా దాని మీదికి నెట్టేశాను.

ఆయన నమ్మేశారు. నేను తల దించుకుని ఆయన పేరు, చెరువు మళ్ళీ ఎక్కిస్తుంటే నన్నే ఓదార్చారు.

“దానికేం తెలుస్తాదండీ, పాపం. మన వైపోళ్ళెవరైనా చూసుంటే ఓసారి అడిగుండేవోరు. ఇంతకీ మీదేవూరండీ?”

“ఏలూరేనండీ,” అన్నాను. కలిదిండి అని చెప్పడానికి మొహం చెల్లలేదు.