నిదానం గారి తిన్నని దారి

అందరూ ‘నిదానం’ అని పిలిచే వ్యక్తికి యాభై ఆరేళ్లు. ఈ విన్నపం రాసినవారు ఆయనను ఎరిగి ఇరవై ఏళ్లు దాటింది. దూరపు ఆసుపత్రుల నుండి రక్తపు నమూనాలను చల్లని పెట్టెలో పెట్టుకుని, మోటారు సైకిలుపై పరీక్షల కేంద్రానికి చేర్చడం ఆయన పని. మైదానంలో గీత గీసినట్లు సాగే పొడవైన రహదారి ఆయనది. వంపులు తిరిగే కొండదారి అదే పని చేసే ఆయన బావమరిదిది.

ఉదయం బయలుదేరితే ఇల్లు చేరేసరికి పొద్దు వాలేది. బండి ఆపినా అరచేతుల్లో దాని వణుకు ఆగేది కాదు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికేవి. భార్య అందుకే సగమే నింపేది. చాప మీద వాలి కళ్లు మూసుకున్నా, రోడ్డు మీది తెల్లగీత రెప్పల వెనుక పరుగెడుతూనే ఉండేది. అయినా ఆ అలసట ఆయనకు పాత చొక్కా వంటిది, ఒంటికి అలవాటైపోయింది.

ఒక సెలవునాడు భోజనాల దగ్గర బావమరిది మొదలుపెట్టాడు.

“బావా, నీది బండి నడపడమా? బండి మీద కునుకు తీయడం. ఒక్కసారి నా మలుపుల్లోకి రా, తెలుస్తుంది.”

“నీది మాత్రం నడపడమేంట్రా, కోతి గెంతులు! నా రోడ్డు మీద ఒక్కరోజు తిరుగు, నీ నడుం ఎక్కడుందో వెతుక్కుంటావు.”

“ఒరేయ్ తమ్ముడూ, ఆయన్ని రెచ్చగొట్టకు,” అంది నిదానం గారి భార్య. “ఏవండీ, మీరైనా ఊరుకోండి.”

ఊరుకుంటే బాగుండేది. మరునాడు పైవారికి చెప్పకుండా ఇద్దరూ దారులు మార్చుకున్నారు. బండ్లు మాత్రం మార్చుకోలేదు. ఎవరి బండి వారికి బంగారం కదా! అదే కొంప ముంచింది.

ఏళ్ల తరబడి తిన్నని దారిలోనే తిరిగే బండికి టైర్లు నడుమ అరిగి చదునవుతాయి. అటువంటి బండి ముందు వంగనంటుంది. వంగాక ఒక్కసారిగా వాలిపోతుంది. నిదానం గారికి ఈ సంగతి తెలియనిది కాదు. మొదటి మలుపులోనే బండి మొరాయించింది. వెనుదిరిగితే బావమరిది నోటికి మూత ఉండదని ఆయన ముందుకే పోయారు. ఇంకొంత ఎత్తుకు వెళ్లాక బండి వాలి, జారి, కంకరలో పడింది. ఆయన ముందు పెట్టె తెరిచి చూశారు. ఒక్క గొట్టమూ పగలలేదు. ఆ తరువాతనే చీరుకుపోయిన మోచేతిని చూసుకున్నారు.

సాయంత్రం బావమరిదీ వచ్చాడు. ముందుకు వంగి నడిపే బండి అతనిది. పగలంతా అలాగే వంగి ఉండి, కొడవలిలా గుమ్మం దాటాడు.

“నేల మీద ఏం వెతుకుతున్నావురా?” అంది అక్క.

“నడుం,” అన్నాడు అతడు.

సంగతి తెలిసి పైవారు బావమరిదిని మందలించి వదిలారు. నిదానం గారిని మాత్రం వయస్సు మీదపడిందని బండి మానిపించి సామాను గదిలో కూర్చోబెట్టారు. తప్పు తనదేనని ఆయన ఒప్పుకున్నారు. ఇప్పుడు ఖాళీ పెట్టెలు కడిగి ఆరబెడుతున్నారు. కిటికీ అవతల బండి బయలుదేరితే ఆయన కుడి మణికట్టు తనంతట తానే తిరుగుతుంది. ఇంటి దగ్గర భార్య గ్లాసు నిండా పోస్తోంది, చుక్క తొణకదు. ఆయన దాని వంక చూస్తూ తాగడం మరచిపోతున్నారు. అలసట మాత్రం తగ్గలేదు, పైగా నిద్ర కూడా రావడం లేదు.

రెండు దారులూ వంతులవారీగా తిరుగుతున్న బావమరిది మొన్న సామాను గదికి వచ్చాడు.

“నీ గీత నన్ను తినేస్తోంది బావా. తీసేసుకో నాయనా, నీకు దణ్ణం పెడతా.”

“ఇస్తే వద్దంటానా? మలుపులు మాత్రం నాకొద్దురా. వంగే వయసు బండికీ లేదు, నాకూ లేదు.”

కావున, చేసిన తప్పుకు తగిన మందలింపు నిదానం గారికీ విధించి, వైద్య పరీక్ష జరిపించి, బండికి కొత్త టైర్లు వేయించి, ఉద్యోగ విరమణ వరకు ఆ తిన్నని దారిని మాత్రమే ఆయనకు తిరిగి అప్పగించవలసిందిగా పైవారిని సవినయంగా ప్రార్థించడమైనది.